తట్టు, ఒంపు, కడుగు

ఆ ప్రయోగశాలలో ఎవరికీ సొంత పేరు నిలిచేది కాదు. చేరిన నెల తిరగకుండానే ఎవరో ఒకరు ఏదో పేరు తగిలించేవారు, ఇక అదే ఖాయం. ప్రయోగశాలను నడిపే పెద్దాయన ఏది చెప్పినా ముందు తలూపి ఆ తర్వాత వినే సీనియర్ పరిశోధకుడి పేరు తథాస్తు. ఆరేళ్ళ క్రితం చేరిన కొత్తలో "ఇలా ఎందుకు చేస్తున్నాం?" అని ఒకటికి రెండుసార్లు అడిగిన పాపానికి, ఈ కథలో మనకు కావలసిన ఆవిడకు అనుమానం అన్న పేరు పడింది. ఆ తర్వాత ఆమె నోరు తెరిచి అడిగింది లేదు, పేరు మాత్రం వదల్లేదు. పెద్దాయనకూ చాటుగా ఒక పేరుంది, తోకాయన అని. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది గానీ, అన్నా ఆయన మురిసిపోయేవాడే. ఆయన పరువూ ప్రతిష్ఠా ఒక తోక మీదే నిలబడి ఉన్నాయి మరి.

అది ఒక ఎంజైము తోక. కణంలో జరగాల్సిన పనుల్ని చకచకా జరిపించేవే ఎంజైములు. అవి ఒక్కో కణంలో వేల రకాలు. వాటిలో ఒకదాన్ని పట్టుకుని పెద్దాయన జీవితమంతా కాపురం చేశాడు. దానికి మూడు భాగాలున్నాయి, ఆ విద్య చదివినవాళ్ళు వాటిని డొమైన్లంటారు. తల భాగం తనకు ఎవరితో పని పడిందో గుర్తుపడుతుంది. నడుము భాగం ఆ పని చేసి పెడుతుంది. తోక ఏం చేస్తుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు, తెలుసుకోవాలన్న తొందరా ఎవరికీ లేకపోయింది. పెద్దాయన కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ తోకను కత్తిరించేసి, తోక తెగిన ఎంజైముతో కణాలను పెంచి చూశాడు. తోక ఉన్న కణాలు గిన్నె నిండా పెరిగితే, లేనివి అందులో సగమే కనిపించాయి. ఇంకేం, కణం ఎదుగుదలకు మూలం తోకేనని తేల్చేశాడు. తోకే ఇంజను అని వ్యాసం రాశాడు. అది చదివి పది దేశాలవాళ్ళు ఔరా అన్నారు. ఆ తర్వాత ఆయన రాసినవన్నీ ఆ వ్యాసానికి కొడుకులూ మనవలూ మునిమనవలే. ఆయన బల్ల మీద ఆ ఎంజైము చెక్కబొమ్మ ఒకటుండేది. తలకూ నడుముకూ బూడిదరంగు, తోకకు మాత్రం బంగారు పూత.

ఆ సగం లెక్క తీయడానికి ఒక పద్ధతి ఉంది. కణాలు ప్లాస్టిక్ గిన్నె అడుగున అంటుకుని, ఎర్రటి పోషక ద్రవం కింద పెరుగుతాయి. లెక్కపెట్టే ముందు గిన్నెను బల్ల అంచుకేసి గట్టిగా తట్టాలి. ద్రవాన్ని ఒంపేయాలి. కడగాలి. మళ్ళీ తట్టాలి. అడుగున పట్టుకుని మిగిలినవే లెక్కలోకి వస్తాయి. ఒంపిన ద్రవంలో తేలిపోయేవన్నీ చచ్చినవి, ఎందుకంటే ఈ జాతి కణాలకు కాలు ఆనే చోటుంటేనే బతుకు, పట్టు తప్పితే చావే. ఈ మాట పాఠ్యపుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో ఉన్నాక ఇంక చూసేదేముంది? తట్టు, ఒంపు, కడుగు. ఒంపడమూ కడగడమూ అందరూ చేసేవే. తట్టడం ఎందుకో మాత్రం ఏ వ్యాసంలోనూ లేదు. అది పెద్దాయన చేతి అలవాటు, అంతే. టీ కప్పునూ కళ్ళజోడు పెట్టెనూ కూడా ఆయన అలాగే బల్లకేసి తట్టేవాడు. ఆ చేతి నుంచి తథాస్తు చేతికి, అక్కడి నుంచి అందరి చేతులకూ పాకింది. ఆ దెబ్బలకు బల్ల అంచు ఒకచోట అరిగి పల్లం పడింది. కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా ఆ పల్లం చూపించేవారు.

ఎవరు చేరినా మొదటి పరీక్ష ఆ సగం లెక్క రాబట్టడమే. వస్తే చెయ్యి మంచిది. రాకపోతే చెయ్యి కుదరలేదు. లెక్క తప్పయి ఉండొచ్చన్న ఆలోచన ఎవరికీ కలలో కూడా తట్టలేదు, తప్పెప్పుడూ చేతిదే. చెయ్యి కుదరనివాళ్ళను పై అంతస్తులోని పుట్టగొడుగుల విభాగానికి పంపేసేవారు. అలా పోయినవాళ్ళంతా అక్కడ ఎంచక్కా పనిచేసుకుంటున్నారు, పుట్టగొడుగులూ ఏపుగా పెరుగుతున్నాయి. కింద అంతస్తులో మాత్రం సగం లెక్క రాబట్టగలిగినవాళ్ళే మిగిలారు. వాళ్ళందరికీ ఎప్పుడు చేసినా సగమే వస్తుంది కాబట్టి సిద్ధాంతం నానాటికీ బలపడుతూ వచ్చింది. ఇంత పకడ్బందీగా తమను తాము మోసం చేసుకోవడం చదువుకున్నవాళ్ళకే సాధ్యం.

అనుమానానికి కూడా మొదట్లో లెక్క కుదరలేదు. తథాస్తు ఆమె మణికట్టు పట్టుకుని గిన్నెను ఎలా తట్టాలో నేర్పించాడు. ఆ వారంలోనే సగం వచ్చేసింది. ఆ రోజు ఆమెకు పరీక్ష నెగ్గినంత సంతోషం కలిగింది. ఇప్పుడు ఆ ప్రయోగశాలలో అందరికంటే మంచి చెయ్యి ఆమెదే.

ఇంట్లో సంగతి వేరు. అత్తగారు ఆరేళ్ళ క్రితమే తన కోడలు డాక్టరని వీధంతా చాటేసింది. ఏ రకం డాక్టరో విడమరిచి చెప్పే ఓపిక ఆవిడకు లేదు. దాంతో పక్కింటావిడ మోకాలి నొప్పి, ఎదురింటాయన దగ్గు, మేడమీదివాళ్ళ పిల్లి కన్ను అన్నీ అనుమానం దగ్గరికే వచ్చేవి. డిగ్రీ ఇంకా చేతికి రాలేదండీ అని ఆమె తప్పించుకునేది. ఇన్నేళ్ళయినా పెరగని ఆ కణాలేమిటో, మంచివి చూసి కొనుక్కోకూడదా అని అత్తగారు సాగదీసేది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే భర్త నెమ్మదస్తుడు, ఇద్దరి మధ్యా తలదూర్చేవాడు కాదు. ఈ ఏడు మాత్రం నిజంగానే గడువు ముంచుకొచ్చింది. ఒక కళాశాలలో అధ్యాపకురాలి ఉద్యోగం ఆమె కోసం అట్టిపెట్టారు, తరగతులు మొదలయ్యేలోగా డిగ్రీ చూపిస్తేనే. డిగ్రీ రావాలంటే ఆమె రాసిన గ్రంథం మీద పెద్దాయన సంతకం పడాలి. సంతకం పడాలంటే గ్రంథంలో తోక ఇంజనుగానే ఉండాలి. ఉంది కూడా, ఏ అధ్యాయం తిప్పినా.

సరిగ్గా అలాంటప్పుడు కొత్తమ్మాయి వచ్చి చేరింది. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసే రకం. గిన్నె ఎత్తిందంటే నిద్రపోతున్న పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీస్తున్నట్టే ఉండేది. ఆ వారమే నిదానం అని పేరు పెట్టేశారు. నిదానం మొదటి లెక్క తెచ్చింది. తోక ఉన్నవీ లేనివీ దాదాపు సరిసమానం. మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ అంతే. ఇంకోసారి చేస్తే తోక లేనివే ఒక మెట్టు పైన ఉన్నాయి. వారాంతపు సమావేశంలో ఆ లెక్క తెరమీద పడగానే తథాస్తు కిసుక్కుమన్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. పెద్దాయన నవ్వలేదు. ఆయన అలాంటప్పుడు జాలిగా మొహం పెడతాడు, అది నవ్వుకంటే ఘోరంగా ఉంటుంది. పిల్ల తెలివైనదే, చెయ్యే ఇంకా రాలేదన్నాడు. నెలాఖరు దాకా చూద్దాం, అప్పటికీ కుదరకపోతే పై అంతస్తులో బాగానే ఉంటుందన్నాడు. చెయ్యి దిద్దే పనీ, చివర్లో తీర్పు చెప్పే పనీ అనుమానానికి అప్పజెప్పాడు.

అనుమానం దిద్దబోయింది. ఎన్నిసార్లు చూపించినా ఆ పిల్ల గిన్నెను బల్లకు ఆనించేదే తప్ప కొట్టేది కాదు. భయపడకు, గిన్నె పగలదని అనుమానం కాస్త విసుగ్గానే అంది.

"గిన్నె పగలదక్కా. లోపలున్నవాటికి దెబ్బ తగుల్తుందేమోనని," అంది నిదానం.

చచ్చినవాటికి దెబ్బేమిటని అనుమానం నవ్వేసింది. నిదానం నవ్వలేదు. ఒంపిన ద్రవం ఉన్న సీసాకేసి చూస్తూ, "ఇవి చచ్చినవేనని ఎవరైనా చూశారా అక్కా?" అని అడిగింది.

అందరికీ తెలిసిన సంగతేనని అనుమానం చెప్పింది.

"తెలుసు సరే. చూసిందెవరు?"

అనుమానానికి ఒళ్ళు మండింది. మొన్న చేరిన పిల్ల ఇంత మాట అడగడమా అని కాదు. ఆరేళ్ళ క్రితం తాను అడిగి వదిలేసిన ప్రశ్నను ఈ పిల్ల అంత మామూలుగా, పేరు పడుతుందన్న భయమైనా లేకుండా అడిగేసినందుకు మండింది. వెళ్ళి తిని రమ్మని కసురుకుంది.

నిదానం వెళ్ళాక గదిలో ఎవరూ లేరు. ఆ పిల్ల నోరు మూయించడానికే చూడాలనుకుంది అనుమానం. తోక లేని కణాల గిన్నెను అలవాటు ప్రకారం తట్టింది. ఒంపిన ద్రవాన్ని చెత్త సీసాలో పోయకుండా ఒక చుక్క తీసి గాజు పలక మీద వేసి, దానిలో నీలిరంగు కలిపింది. చచ్చిన కణం ఆ రంగును లోపలికి పీల్చుకుని నీలంగా మారిపోతుంది. బతికి ఉన్నది రంగును గడప తొక్కనివ్వదు. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, నీలం చూద్దామని కన్ను ఆనించింది.

నీలంగా ఒకటీ అరా ఉన్నాయి. మిగతావన్నీ తెల్లగా, గుండ్రంగా నిగనిగలాడుతున్నాయి. ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని గుంపులు గుంపులుగా ఉన్నాయి. కొన్ని మధ్యలో నొక్కుపడి రెండుగా చీలబోతున్నాయి. కాలు ఆనే చోటు పోయిందని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమె మిగిలిన ద్రవాన్ని కొత్త గిన్నెలో పోసి, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరులో వెనక మూలన దాచింది. రెండు రోజులాగి తీసి చూస్తే గిన్నె పట్టనన్ని కణాలు, సబ్బు నురగలా పైకి పొంగి ఉన్నాయి. తోక ఉన్న కణాల నుంచి ఒంపిన ద్రవాన్ని కూడా చూసింది, అందులో దాదాపు ఏమీ లేవు. ఇంక అర్థం కాకపోవడానికి ఏమీ మిగలలేదు. తోక ఇంజను కాదు. కణాన్ని నేలకు కట్టి ఉంచే తాడు అది, ఇక చాలు ఆగమని చెప్పే పగ్గం. అది తెగితే కణం చావదు, పట్టు వదిలేసి ఇష్టారాజ్యంగా పెరుగుతుంది. ఒంట్లో పట్టు వదిలేసి, ఆగమన్నా ఆగకుండా పెరిగే కణాలను ఏమంటారో దారిన పోయేవాళ్ళను అడిగినా చెప్తారు. ఆ జబ్బు గుట్టు తేల్చడానికి ఊరూరా ప్రయోగశాలలు తంటాలు పడుతుంటే, ఇక్కడ ఇన్నేళ్ళుగా దాన్ని తట్టి మరీ చెత్త సీసాలో పారబోస్తున్నారు. అందులో ఆరేళ్ళ పారబోత ఆమెదే.

నిదానం లెక్క సరైనదే. చెయ్యి నెమ్మది కాబట్టి సడలిన కణాలు కూడా గిన్నెలోనే నిలిచాయి. తప్పు చెయ్యంటూ ఉంటే అది ఆ గదిలో అందరి చేతులదీ, ఆ పిల్లది తప్ప.

ఇంటికి వెళ్ళాక భర్తకు మొత్తం చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, అర్థమైనంత అర్థం చేసుకున్నాడు. "డిగ్రీ చేతికొచ్చాక చెప్పు. నిజం ఎక్కడికి పోతుంది?" అన్నాడు. పక్కగదిలోంచి అత్తగారు ఏమిటట అని అడిగితే, ఏం లేదమ్మా, డిగ్రీ వచ్చేస్తోందట అని చెప్పాడు. ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. నిజం ఎక్కడికీ పోదు. పోయేది నిదానం, నెలాఖరుకి. ఆ సంగతి అనుమానం భర్తకు చెప్పలేదు. చెబితే ఆయన ఏమంటాడోనని భయం, ముఖ్యంగా మంచిమాట అంటాడేమోనని.

పోనీ పెద్దాయనకే చెప్పేద్దామని రెండు మూడుసార్లు ఆయన గది దాకా వెళ్ళి వచ్చింది. చివరికి ఒకనాడు ఆయనే పిలిపించాడు. వెళ్ళేసరికి ఆమె గ్రంథం బల్ల మీద, బంగారు తోక పక్కనే ఉంది. ఆయన మహా హుషారుగా ఉన్నాడు. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు ఖాయమైందట, ఆ రంగంలో తల పండిన మనిషట, తోక గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఆయన పేరు ఎత్తిందట. కలం మూత తీసి గ్రంథం చివరి పేజీ తిప్పాడు.

"సర్, ఆ తేలే కణాలు..." అని అనుమానం మొదలుపెట్టింది.

"చచ్చినవాటి గురించి మనకెందుకమ్మా," అన్నాడాయన మెత్తగా. కలం కాగితానికి బెత్తెడు పైన ఆగింది. ఆయన చెడ్డవాడు కాదు, బెదిరించడం ఆయనకు రాదు. రావలసిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "అన్నట్టు ఆ కొత్తమ్మాయి చెయ్యి ఎలా ఉంది? కుదిరిందా?" అని అడిగాడు.

ఆ కలం కొన వంకే చూస్తూ నిలబడింది అనుమానం. కళాశాలలో తన పేరు రాసిపెట్టిన కుర్చీ కనిపించింది. ఆ కుర్చీ కోసం వరుసలో తన వెనక నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషి కూడా కనిపించింది. సంతకం పడ్డాక అన్నీ చెప్పేస్తానని తనకు తాను మాట ఇచ్చుకుంది. మనకు మనం ఇచ్చుకునే మాటలకు సాక్షులుండరు, అదొక సుఖం.

"కుదరలేదు సర్," అంది.

కలం కిందికి దిగింది.

నిదానం ఏడవలేదు. తన సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుని, ఓపిగ్గా నేర్పినందుకు అనుమానానికి కృతజ్ఞతలు చెప్పింది. మీ టైం చాలా పాడు చేశానక్కా అని నొచ్చుకుంది కూడా. తలుపు ఎప్పటిలాగే చప్పుడు కాకుండా వేసి పైకి వెళ్ళిపోయింది. ఆ వేళ అనుమానం టీ తాగుదామని కప్పు ఎత్తి, తాగకుండానే బల్లకేసి తట్టింది. తట్టాక ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

సంతకం పడ్డాక చెప్తానన్నది కాస్తా పరీక్ష అయ్యాక అయింది. పరీక్ష రోజు రానే వచ్చింది.

పరీక్షకురాలు పొట్టిగా, సన్నగా, ముందుకు వంగి నడిచే మనిషి. హాల్లో అందరూ కూర్చుని ఎదురుచూస్తుంటే, ముందు ప్రయోగశాల చూడాలని పట్టుబట్టింది. ఇన్నేళ్ళుగా ఆ సగం లెక్క గురించి రాస్తున్నానే గానీ చేత్తో చేసి చూడలేదు, ఒకసారి చేయనివ్వండి అంది. పెద్దాయన పొంగిపోయాడు. వెంటనే గిన్నెలు తెప్పించాడు. తథాస్తు ఆ బల్ల అంచున ఉన్న పల్లాన్ని గర్వంగా చూపించాడు. ఆవిడ దాన్ని మర్యాదగా చూసి, గిన్నెను తీసుకుని, తనకు అలవాటైన తీరున మెల్లగా వంచి ఒంపింది. తట్టలేదు. మైక్రోస్కోపులో చూసి, తోక లేనివి కూడా గిన్నె నిండా ఉన్నాయే అంది.

ఎవరికైనా ఈ లెక్క వస్తే అనాల్సిన మాట ఒకటే, అది అందరి నాలుక చివరా ఉంది. కానీ ప్రపంచమంతా గౌరవించే మనిషి మొహాన, మీ చెయ్యి కుదరలేదండీ అని ఎవరంటారు? తథాస్తు జీవితంలో మొదటిసారి ఎటు తలూపాలో తెలియక మెడ బిగబట్టాడు. పెద్దాయన గొంతు సవరించుకుని అనుమానం వైపు తిరిగాడు. మన అమ్మాయి చేసి చూపిస్తుందన్నాడు.

అనుమానం ముందుకు వచ్చింది. తట్టకుండా ఉండొచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు, చేతికీ తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమెను అడిగిందెవరు, చెయ్యి గిన్నె ఎత్తింది, బల్ల అంచు పల్లానికేసి కొట్టింది, ఒంపింది, కడిగింది, మళ్ళీ కొట్టింది. ఎంత చక్కటి చెయ్యి. గిన్నె అడుగున సరిగ్గా సగం.

పెద్దాయన ఊపిరి పీల్చుకున్నాడు. పరీక్షకురాలు మాత్రం గిన్నె వంక చూడలేదు. ఒంపిన ద్రవాన్ని చూస్తోంది. మీరు అంత గట్టిగా కొట్టి రాలగొట్టిందేమిటో చూడొచ్చా అని అడిగింది. ఎవరూ కదలకపోతే తనే చుక్క తీసుకుంది, నీలిరంగు అడిగి పుచ్చుకుంది, కన్ను ఆనించింది. చాలాసేపు ఆ కన్ను తీయలేదు. తర్వాత పక్కకు జరిగి, మీరూ చూడండి అని పెద్దాయనకు చోటిచ్చింది.

పెద్దాయన వంగి చూశాడు. ఆయన వీపు మాత్రమే అందరికీ కనిపిస్తోంది. ఆ వీపు ముందు కుంగింది. జీవితకాలపు తప్పును ఎదురుగా చూస్తున్న మనిషి వీపు అది, చూస్తే అనుమానానికి నిజంగానే జాలేసింది. కానీ ఆ జాలి అక్కర్లేకుండానే వీపు మెల్లగా నిటారైంది. ఆయన ఇటు తిరిగేసరికి మొహంలో చిరునవ్వుంది.

"నేను చాలాకాలంగా అనుకుంటున్నది ఇదే," అన్నాడు.

తథాస్తు మెడ సడలింది. తలూపాడు.

ఆపైన పెద్దాయనను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎంజైముకు తోకే ప్రాణమని మొదట చెప్పింది తానే కదా అన్నాడు. ఇంజను అన్నామా, లంగరు అన్నామా అన్నది మాటల్లో తేడా అన్నాడు. బండిని పరిగెత్తించేదానికీ ఆపేదానికీ మాటల్లోనే తేడా ఉంటే, ఆయన కారు ఎక్కే ధైర్యం ఎవరికుంటుందో గానీ, అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈ మలుపు మీద కొత్త వ్యాసం ఎప్పుడో మనసులో రాసుకున్నానని, సరైన సమయం కోసం ఆగానని కూడా ఆయన అన్నాడు. అంటూ ఉండగానే తన మాట తనే నమ్మేశాడు, అది ఆయన కళ్ళలో కనిపించింది.

పరీక్షకురాలు అనుమానాన్ని పక్కకు పిలిచి, "ఇన్నేళ్ళు ఒంపారు కదా, మీరెప్పుడూ చూడలేదా?" అని అడిగింది.

చూశానంటే, చూసి కూడా గ్రంథంలో ఎందుకు రాయలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి డిగ్రీ పుచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

"లేదండీ," అంది అనుమానం.

ఆవిడ తలాడించింది. తెలియకపోవడం తప్పు కాదమ్మా, ఒక అధ్యాయం కలిపి ఇవ్వండి చాలు అంది. అలా ఆ పూట అంతా శుభంగా ముగిసింది. తెలియనివాడు ఎప్పుడో తెలుసన్నాడు, తెలిసినావిడ ఎప్పుడూ తెలియదంది. ఇద్దరికీ చప్పట్లు దక్కాయి. కొత్త వ్యాసం మీద ముందు పెద్దాయన పేరు, చివర తథాస్తు పేరు, నడుమ అనుమానం పేరు ఉండాలని అక్కడికక్కడే తేలిపోయింది. ఈ హడావుడిలో అత్తగారికి ఎవరు ఫోన్ చేశారో గానీ, సాయంత్రానికల్లా వీధిలో రోగుల సంఖ్య పెరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే అనుమానం పై అంతస్తుకి వెళ్ళింది. మెట్లెక్కుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. నీ లెక్కే సరైనది. నాకు ముందే తెలిసింది. భయపడ్డాను. మూడే మూడు మాటలు, చిన్నపిల్లలకైనా వచ్చేవి.

నిదానం వరసగా పేర్చిన సంచుల మధ్య చిన్న స్టూలు మీద కూర్చుని, పుట్టగొడుగుల మొలకలపై నీళ్ళు చిలకరిస్తోంది. ఆమెను చూడగానే లేచి నిలబడింది. కింద జరిగిందంతా అప్పటికే విన్నదట. తన లెక్క తప్పు కాదని తెలిసి ఎంతో తేలికైపోయిందట. కింద ఉన్నన్నాళ్ళూ తన చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకుని ఇంట్లో గ్లాసులు ఎత్తడానికి కూడా భయపడిందట. ఇవన్నీ చెబుతూ ఆ పిల్ల నవ్వుతోంది. పైవాళ్ళు మంచివాళ్ళనీ, ఇక్కడ ఉండిపోతాననీ అంది.

"ఇక్కడందరూ అడుగుతున్నారక్కా, మీకు ముందే తెలుసేమోనని," అంది నిదానం. "మీకెప్పుడు తెలిసింది?"

పేర్చుకున్న మాటలు అనుమానం నోట్లోనే ఉన్నాయి. నోరు తెరిచింది. ఆ పిల్ల కళ్ళలో ఏ అనుమానమూ లేదు, జవాబు కోసం మామూలుగా ఎదురుచూస్తోంది.

"నిన్నే," అంది అనుమానం. "అందరితో పాటే."

నిదానం తలూపి, నీళ్ళ సీసాను చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"నేనూ వాళ్ళకి అదే చెప్పానక్కా. ముందే తెలిసుంటే అక్క నన్ను పోనిచ్చేది కాదన్నాను."